ఫైటర్ చేపకూ మనిషికీ ఒకే మాత్రా?

కొళత్తూరు రంగుచేపల అంగళ్లలో కొన్న ఒక ఫైటర్ చేప, రెండు నెలలుగా మీరు వేసుకుంటున్న డిప్రెషన్ మందు ఫ్లూక్సెటిన్ 20 మిల్లీగ్రాముల గుళిక, ‘ఈ మందు కలిసిన నీళ్లలో మగ చేపలు ఆడ చేపలను చంపేశాయి’ అని మీరు చదివిన వార్త. మీ ప్రశ్న ఈ మూడింటి చుట్టూ తిరుగుతోంది. ఆ చేపలకు జరిగినట్టే మీకూ జరుగుతుందా, ఈమధ్య చిన్న మాటకే చిరాకు రావడం అందుకేనా అన్నది మీ భయం. గాజులో తన ప్రతిబింబాన్ని చూసుకుని రోజంతా మొప్పలు విప్పి ఎగబడే చేపకు ఇదే మందు కాస్త కలిపితే నెమ్మదిస్తుందేమో అన్నది మీ ఆశ. మిగిలిపోయిన గుళికలను మరుగుదొడ్డిలో వేసి నీళ్లు కొట్టవచ్చా అని చివర ఒక సందేహం కూడా జోడించారు.

చెన్నైలో ఔషధ శాస్త్రం బోధిస్తూ, జీబ్రా చేపల మీద మందుల పరీక్షలు చేయిస్తూ ఉంటాను. వివరాల్లోకి వెళ్లేముందు తేల్చవలసినవి తేల్చేస్తాను. ఆ వార్త చదివి మందు ఆపకండి. తొట్టిలో గుళిక వేయకండి. చిరాకు సంగతి మాత్రం ఈ వారమే మీ డాక్టరుకు చెప్పండి. చేపల ఊసే లేకపోయినా అది చెప్పి తీరవలసిన విషయం.

మనిషి మందును చేప మీద పరీక్షించడం ఏమిటని చాలామంది నవ్వుతారు. ఈ మందు పనిచేసేది నాడీకణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద, అది మనిషి కోసం ప్రత్యేకంగా పుట్టినది కాదు. మెదడు కాండంలో రాఫే అనే చిన్న నాడీకణాల గుంపు చేపకూ ఉంది, మనకూ ఉంది. ఆ కణాలు సెరటోనిన్‌ను వదులుతాయి, పని అయ్యాక ఒక ప్రోటీన్ దాన్ని తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్‌సిటలోప్రామ్ అన్నీ ఆ లాక్కోవడాన్నే అడ్డుకుంటాయి. తేడాలూ ఉన్నాయి. ఆ ప్రోటీన్‌కు మనలో ఒకే జన్యువు ఉంటే జీబ్రా చేపలో రెండు. చేపకు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో కూడా సెరటోనిన్ తయారుచేసే కణాలు ఉంటాయి, మనకు అక్కడ లేవు. ఒత్తిడి హార్మోను దగ్గరికి వస్తే మాత్రం ఎలుక కంటే చేపే మనకు దగ్గర: మనలోనూ చేపలోనూ ప్రధానమైనది కార్టిసాల్, ఎలుకలో కార్టికోస్టిరాన్. 2013లో జీబ్రా చేప జన్యుపటం వెలువడినప్పుడు, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి అందులో కనీసం ఒక సాటి జన్యువు ఉందని తేలింది. ప్రయోగశాలలు ఈ చేపను నెత్తిన పెట్టుకోవడానికి కారణాలు ఇవి. చవకగా దొరకడం ఇంకో కారణం, దాన్ని పరిశోధన పత్రాల్లో అంతగా చెప్పుకోరు.

‘మందుతో చేపకు ఆందోళన తగ్గింది’ అనే వాక్యం వెనుక ఏముందో ఒకసారి దగ్గరనుంచి చూడండి. కొత్త తొట్టి పరీక్ష అని ఒకటుంది. సన్నని తొట్టి, బయటి గాజు మీద సగం ఎత్తున మార్కరుతో ఒక అడ్డగీత, ఎదురుగా కెమెరా, ఆరు నిమిషాల సమయం. వల తిరగేయగానే చేప నేరుగా అడుగుకు పోతుంది. ఒక మూలకు చేరి ఆగిపోతుంది. మొప్పలు గబగబా కొట్టుకుంటుంటాయి, తక్కిన ఒళ్లు కదలదు. కాసేపటికి గాజు వెంబడి కొంచెం పైకి వస్తుంది, వెంటనే దిగిపోతుంది. మళ్లీ వచ్చి ఈసారి గీత దాటుతుంది, దాటీ దాటగానే కిందికి మళ్లుతుంది. చివరి నిమిషాలకు పై సగంలోనూ తిరగడం మొదలుపెడుతుంది. లీటరుకు 100 మైక్రోగ్రాముల ఫ్లూక్సెటిన్ ఉన్న నీళ్లలో రెండు వారాలు పెరిగిన చేప అడుగున అంతసేపు ఉండదు, తొందరగా గీత దాటుతుంది. మేము కొలిచేది గీతకు పైన గడిపిన సెకన్లను. దానికి ‘ఆందోళన తగ్గడం’ అని పేరు పెట్టింది మనమే. చేపకు దిగులు ఉందో లేదో అడిగి తెలుసుకునే పరీక్ష ప్రపంచంలో ఏదీ లేదు.

జబ్బుకు కాస్త దగ్గరగా వచ్చిన ప్రయోగం ఒకటి ఉంది, నాకు ఇష్టమైనది కూడా. ఒత్తిడి వచ్చి పోయాక కార్టిసాల్‌ను తగ్గించమని మెదడుకు కబురు అందించే గ్రాహకం పనిచేయని జీబ్రా చేపలను హెర్విగ్ బాయర్ బృందం 2013లో పరిశీలించింది. ఆ చేపను ఒంటరిగా కొత్త తొట్టిలో వేస్తే అలవాటు పడదు, కదలక మెదలక ఉండిపోతుంది. నీళ్లలో ఫ్లూక్సెటిన్ కలిపితే మామూలుగా ఈదింది. మందు లేకుండా తోటి చేపలను చూడనిచ్చినా తేరుకుంది. ఈ రెండో ఫలితం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇక మీరు చదివిన వార్త. అది అబద్ధం కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మిల్వాకీలో రెబెక్కా క్లాపర్ ప్రయోగశాల 2014లో ప్రచురించిన పని అది. ఫ్యాట్‌హెడ్ మినో అనే చిన్న చేపలను నాలుగు మోతాదుల ఫ్లూక్సెటిన్‌లో ఉంచారు: లీటరుకు 0.1, 1, 10, 100 మైక్రోగ్రాములు. ఒక మైక్రోగ్రాము దగ్గరే మగ చేపలు గూడు కట్టే తీరు, కాపలా కాసే తీరు మారాయి, వేటాడే జీవిని తప్పించుకోవడం దెబ్బతింది. పది దగ్గర తిండి మీద ప్రభావం కనిపించింది. వంద దగ్గర మగవాటి దాడి ఎంత పెరిగిందంటే, ఆడవి చనిపోవడం వల్ల గుడ్ల సంఖ్యే పడిపోయింది. వార్త రాసినవారు ఈ చివరి అంకెను మాత్రం పట్టుకుని, నదిలో నిత్యం జరిగేది అదే అన్నట్టు రాశారు. నదుల్లో ఫ్లూక్సెటిన్ సాధారణంగా దొరికేది నానోగ్రాముల్లో, అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు లెక్కలో. లీటరుకు కొన్ని నానోగ్రాముల నుంచి కొన్ని వందల దాకా ఉంటుంది. హత్యలు జరిగిన మోతాదు దానికి కనీసం వందల రెట్లు ఎక్కువ.

అదే లెక్క మీ తొట్టికి వేయండి. ఫైటర్ చేపకు చాలామంది పెట్టే గాజు గిన్నెలో అయిదు లీటర్లు పడతాయి. అందులో ఒక్క 20 మిల్లీగ్రాముల గుళిక విప్పితే లీటరుకు 4,000 మైక్రోగ్రాములు. ఆ ఆడ మినోలు చచ్చిపోయిన మోతాదుకు నలభై రెట్లు. లీటరుకు సుమారు 700 మైక్రోగ్రాములు ఉంటేనే రెండు రోజుల్లో సగం మినోలు చనిపోతాయని అంతకుముందే పరీక్షల్లో తేలింది. ‘చిటికెడు వేస్తాను’ అంటారేమో. గుళికలోని పొడిలో మందు ఎంత, పూరక పదార్థం ఎంత అన్నది వంటింటి త్రాసుతో తేలదు. పైగా చేప ఒంట్లోకి ఎంత చేరుతుందన్నది నీటి క్షార గుణం మీద కూడా ఆధారపడుతుంది. పీహెచ్ 7 నుంచి 9కి పెరిగితే చేప శరీరంలో చేరే ఫ్లూక్సెటిన్ ఎన్నో రెట్లు పెరుగుతుందని మెడకా చేపల మీద జపాన్‌లో చూపించారు. నాచు పట్టి ఎండ తగిలే తొట్టిలో మధ్యాహ్నానికి పీహెచ్ ఎలా ఎగబాకుతుందో తొట్టి పెట్టినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, ఫైటర్ చేపల మీదే ఈ మందుతో చాలా పరీక్షలు జరిగాయి, వాటిలో ఫలితం మినోలకు పూర్తిగా తలకిందులు. మొప్పలు విప్పడం, అద్దంలోని ‘శత్రువు’ మీదికి దూకడం తగ్గాయి. ఒకే మందు ఒక చేపను హంతకుడిని చేస్తుంది, ఇంకో చేపను సాధువును చేస్తుంది. ఇందులో మోతాదు పాత్ర ఉంది, ఎన్నాళ్లు ఉంచారన్నది ఉంది, మగ చేప గూడు కాస్తోందా, ఊరికే ఉందా అన్నదీ ఉంది. ఒకే జాతిమీద కూడా ఒక ప్రయోగశాలలో నానోగ్రాముల దగ్గర ప్రభావం కనిపిస్తే, ఇంకోచోట దానికి వేల రెట్లు వేసినా కనిపించలేదు. నీటిలోని మందుల ప్రభావాన్ని పరిశోధించే జాన్ సంప్టర్ వంటి పెద్దలు 2014లోనే ఈ గజిబిజిని ఎత్తిచూపి, ఇన్ని రకాల శక్తి ఒకే మందుకు ఎలా ఉంటుందని నిలదీశారు. నాకూ ఆ అనుమానమే ఎక్కువ. చేపల ప్రవర్తన పరీక్షలు చాలావాటిలో చేపల సంఖ్య తక్కువ, కొలిచే విషయాలు ఎక్కువ. ఇరవై కొలిస్తే ఒకటి కాకతాళీయంగా తగులుతుంది.

ఈ గందరగోళంలో నాకు దారి చూపిన పని బ్రిటన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయం నుంచి 2014లో వచ్చింది. వాళ్లు నీళ్లలో ఎంత మందు ఉందని చూసి ఊరుకోలేదు, మినోల రక్తం తీసి అందులో ఎంత ఉందో కొలిచారు. ఫ్లూక్సెటిన్, శరీరంలో దాని నుంచి పుట్టే నార్‌ఫ్లూక్సెటిన్ కలిపి మనుషుల్లో చికిత్సకు తగిన స్థాయి మిల్లీలీటరు రక్తరసంలో 120 నుంచి 500 నానోగ్రాములని వైద్యులు లెక్క వేసుకుంటారు. మినోల రక్తంలో మందు మనుషుల చికిత్స స్థాయి పై అంచును దాటాకే ఆందోళన తగ్గిన లక్షణాలు కనిపించాయి. ఆ స్థాయికి దిగువన ఏమీ లేదు. చేపనూ మనిషినీ పోల్చాలంటే రక్తంతో రక్తాన్ని పోల్చాలి. నీటిలోని అంకెను తెచ్చి మాత్ర మీది అంకె పక్కన పెడితే వచ్చేది వార్తాశీర్షిక మాత్రమే.

అయితే ఒకే స్థాయి, ఒకే ప్రోటీన్, ఒకే దిశలో మార్పు అన్నంత మాత్రాన ఇద్దరికీ జరిగేది ఒకటే కాదు. మీకు ఆ మందు రాసింది, మీలో భయమో దిగులో ఉండవలసిన హద్దు దాటి బతుకును పట్టుకుంది కాబట్టి. నదిలో చేపకు జబ్బేమీ లేదు. కొత్త చోట అడుగున నక్కి ఉండడం దానికి రోగ లక్షణం కాదు, ఆయుష్షు. కొంగ ఎక్కడ నిలబడిందో తెలియని నీటిలో త్వరగా పైకి తేలే చేప ధైర్యశాలి అని మనం రాసుకుంటాం, కొంగ దృష్టిలో అది ముందు దొరికే భోజనం. చికిత్సలో మనం కోరుకునే ఫలితమే నీటిలో హాని కావచ్చు. నేను ఈ రంగంలో నేర్చుకున్నదంతా కుదిస్తే ఈ ఒక్క మాట మిగులుతుంది.

స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో టోమస్ బ్రోడిన్ బృందం 2013లో పెర్చ్ చేపలకు లీటరుకు 1.8 మైక్రోగ్రాముల ఆక్సజెపామ్ ఇచ్చి చూసింది. అవి చురుగ్గా తిరిగాయి, గుంపును వదిలాయి, తిండి మీద త్వరత్వరగా పడ్డాయి. ఇది డిప్రెషన్ మందు కాదు, ఆందోళన తగ్గించే మందు. పత్రికలు రెండింటినీ ఒకే గాటన కడతాయి కనుక చెబుతున్నాను. 2025లో ఇంకో విచిత్రం వచ్చింది: మన దగ్గర మూర్ఛకు విరివిగా రాసే క్లోబజామ్‌ను అట్లాంటిక్ సాల్మన్ పిల్లలకు ఇచ్చి స్వీడన్‌లోని డాల్ నదిలో వదిలితే, మందు లేనివాటి కంటే ఎక్కువ చేపలు సముద్రం చేరాయి, దారిలోని జలవిద్యుత్ ఆనకట్టలనూ త్వరగా దాటాయి. మందు వల్ల మేలు జరిగిందని సంతోషించడం తొందరపాటు. సముద్రంలో ఎదురయ్యే పెద్ద చేపల దగ్గర ఆ తెగువ ఏం చేస్తుందన్నది వేరే లెక్క. గప్పీల మీద 2021లో వచ్చిన ఆస్ట్రేలియా పని నన్ను ఇంతకంటే ఎక్కువ కలవరపెట్టింది. రెండేళ్లపాటు, తరాల తరబడి, నదుల్లో దొరికేంత ఫ్లూక్సెటిన్‌లోనే పెంచారు. సగటు మారలేదని ఊరుకోకుండా చూస్తే, చేపకూ చేపకూ మధ్య ఉండే స్వభావ భేదం తగ్గిపోయింది. చురుకైనది, మందకొడిది అన్న తేడా చెరిగి అన్నీ ఒకే తీరుకు వచ్చాయి. నీళ్లు మారినప్పుడు, కరువు వచ్చినప్పుడు ఒక గుంపును కాపాడేది ఆ భేదమే.

మీ సంగతికి వస్తాను. ఫ్లూక్సెటిన్ అమెరికాలో 1987లో ఆమోదం పొందింది. అప్పటినుంచి దాన్ని వేసుకున్న కోట్ల మంది మనుషులే మీకు సాక్ష్యం, మినోలు కావు. 2018లో లాన్సెట్ పత్రిక 21 డిప్రెషన్ మందులను 522 పరీక్షల్లో, 1,16,477 మంది మీద బేరీజు వేసింది. అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే, అయితే సగటున ఆ మేలు మోస్తరుదే. మీకు 22 ఏళ్లని రాశారు. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు కొందరు చిన్నవయసువారిలో అలజడి, చిరాకు, నిద్ర పట్టకపోవడం, అరుదుగా చనిపోవాలన్న ఆలోచనలు వస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి సంబంధించి మందు వివరపత్రంలో నల్ల గీతల చట్రం కట్టిన హెచ్చరిక వేయించి, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పొడిగించింది. చిరాకుతోపాటు నిద్ర తగ్గినా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం ఉంటే అది తప్పక చెప్పాలి, ఎందుకంటే అప్పుడు డాక్టరు బైపోలార్ (ఉద్రేకం, దిగులు మార్చి మార్చి హద్దు దాటే జబ్బు) కోణం కూడా చూడాలి. చనిపోవాలన్న ఆలోచన తొంగిచూసినా అపాయింట్‌మెంటు దాకా ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ‘రెండు రోజులు మానేసి చిరాకు పోతుందేమో చూస్తాను’ అనే సొంత పరీక్ష మాత్రం వద్దు. నార్‌ఫ్లూక్సెటిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే రెండు వారాల దాకా పట్టవచ్చు, రెండు రోజుల్లో మీకు తెలిసేదేమీ ఉండదు.

ఇంకొకటి మీ కంట పడేలోగా చెప్పేస్తాను. పుట్టిన మొదటి ఆరు రోజులు ఫ్లూక్సెటిన్‌లో ఉంచిన జీబ్రా చేపల్లో కార్టిసాల్ తగ్గి, ఆ ప్రభావం మూడు తరాలు కనిపించిందని 2018లో ఒటావా విశ్వవిద్యాలయం ప్రచురించింది. అందులో ఒక మోతాదును, మందు వాడే తల్లుల బొడ్డుతాడు రక్తంలోని స్థాయికి సరిపోయేలా ఎంచుకున్నారు. గట్టి పరిశోధన. అయినా గర్భిణి మందు కొనసాగించాలా వద్దా అన్నది తల్లులూ బిడ్డల సమాచారంతో, ఆమె జబ్బు తీవ్రతతో డాక్టరు తేల్చవలసినది. చేప పత్రం చూపి ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోకండి.

నీటి సంగతిలో మనవాళ్లకు ఇంటి దగ్గరి కథే ఉంది. స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్, దాంతోపాటు 770 నుంచి 840 మైక్రోగ్రాముల సిటలోప్రామ్ దొరికాయి. సిటలోప్రామ్ మీ ఫ్లూక్సెటిన్‌కు దాయాది మందే. మోతాదు మీద ఇంతసేపు నసిగిన నేను ఆ అంకె ముందు నసగను. మైక్రోగ్రాములో వంతులతోనే ప్రవర్తన మారుతుందా అన్న వాదం అక్కడ అనవసరం. కావేరిలో మందుల అవశేషాలు ఉన్నాయని 2021లో ఐఐటీ మద్రాస్ చెప్పినప్పుడు పత్రికలు కార్బమాజెపిన్‌ను డిప్రెషన్ మందుగా రాశాయి. అది మూర్ఛకు, మనోస్థితి ఒడిదుడుకులకు ఇచ్చే మందు. వార్తలో మందు పేరు కనిపిస్తే దాన్ని నమ్మండి, పక్కన రాసిన వర్గాన్ని ఒకసారి సరిచూసుకోండి.

తాగేనీటి భయం మాత్రం వదిలేయండి. లీటరుకు 100 నానోగ్రాముల ఫ్లూక్సెటిన్ ఉన్న నది నీటినే శుద్ధి లేకుండా రోజుకు రెండు లీటర్లు తాగారనుకుందాం. ఒక్క గుళిక సరిపడా మందు ఒంట్లోకి చేరడానికి లక్ష రోజులు, అంటే 270 ఏళ్ల పైన. అమెరికాలో నయాగరా నది చేపల మెదళ్లలో 2017లో ఈ మందుల అవశేషాలు కొలిచారు. రాక్ బాస్ అనే చేపలో గ్రాముకు 400 నానోగ్రాముల దాకా సెర్ట్రలిన్ ఉపఉత్పత్తి దొరికింది. చేప మెదడు తినరు కాబట్టి పరవాలేదని అక్కడివారు ఊరట చెప్పుకున్నారు. తలకాయ పులుసు వదలని మనకు ఆ ఊరట వర్తించదు గానీ, 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్ మాత్రకు సరిపడాలంటే అలాంటి మెదడు 125 కిలోలు తినాలి.

గుళికలు మరుగుదొడ్డిలో వేయవద్దు. నగరంలో కొడుంగైయూరు, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడి మురుగుశుద్ధి కేంద్రాలు ప్రధానంగా సేంద్రియ మలినాన్ని తినే బాక్టీరియాతో పనిచేస్తాయి, మందు అణువులను పట్టడానికి కట్టినవి కావు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025లో మరుగుదొడ్డిలో వేయదగిన 17 మందుల జాబితా ఇచ్చింది. ట్రమడాల్, ఫెంటానిల్, డయజెపామ్ వంటివి అందులో ఉన్నాయి, ఇంట్లో ఇంకొకరి చేతికి చిక్కితే ప్రాణం మీదికి వచ్చేవి కాబట్టి. ఫ్లూక్సెటిన్ అందులో లేదు. మందుల దుకాణం వెనక్కి తీసుకుంటే ఇవ్వండి. లేకపోతే ఫిల్టర్ కాఫీ పిప్పిలో గుళికలు కలిపి, కవరులో గట్టిగా మూటకట్టి చెత్తలో వేయండి. మీరు వేసుకున్న మందులో కొంత ఎలాగూ మూత్రం ద్వారా మురుగులోకి పోతుంది, దాని గురించి నొచ్చుకోకండి. దాన్ని ఆపవలసింది శుద్ధి కేంద్రం, రోగి కాదు.

ఇక మీ ఫైటర్. కొళత్తూరు అంగళ్లలో సీసాకూ సీసాకూ మధ్య అట్టముక్క పెట్టి ఉంచడం చూసే ఉంటారు. పక్క సీసాలోది కనబడితే రెండూ రోజంతా ఎగబడి నీరసించిపోతాయని. మీ గిన్నెలో ఆ అట్టముక్క లేదు, గాజే అద్దమై కూర్చుంది. గది వెలుతురు కంటే తొట్టి లోపలి దీపం ఎక్కువగా ఉంటే ప్రతిబింబం బాగా కనిపిస్తుంది, కాబట్టి దీపం తగ్గించండి, వెనుకవైపూ పక్కలా ముదురు కాగితం అంటించండి. గుండ్రటి గిన్నె మార్చి పది పదిహేను లీటర్ల నలుచదరపు తొట్టి తీసుకోండి. దాక్కోవడానికి మొక్కలు, ఒక ఎండు బాదం ఆకు వేయండి. నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి, ఏసీ గదిలో పెడితే డిసెంబరులో ఇది తప్పుతుంది. ఇవన్నీ చేశాక కూడా రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటే ముందుగా అమ్మోనియా పరీక్ష చేయించి, ఆ అంకె, తొట్టి కొలతలు, నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారో ఇక్కడే రాయండి, చూస్తాను.